జాజు పోరి

ఫ్లెక్సీ ఫొటో ఫోనుకు వచ్చినప్పుడు నేను సైదాబాద్‌లో మా ఫ్లాట్ వంటగదిలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. పంపింది లాల్‌దర్వాజా వెనక సందులో ఉన్న మా పాత చర్చికి కార్యదర్శి, ప్రకాశరావు గారు. ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి, రిటైరై ఇక్కడే ఉండిపోయిన మనిషి. చర్చి పక్కనున్న పాత హాలు పడగొట్టి కొత్తది కడుతున్నారని, పడగొట్టే ముందు ఆదివారం సాయంత్రం ఒక కూటం పెట్టుకుంటున్నామని, నేను వచ్చి రెండు పాటలు పాడాలని ఆయన అంతకుముందే అడిగి ఉన్నారు. ఫొటోలో జుట్టు నల్లగా ఉన్నప్పటి నా బొమ్మ ఉంది. దాని కింద పెద్ద అక్షరాలతో 'ప్రపంచ ప్రఖ్యాత క్రాస్ ఓవర్ సింగర్, పియానిస్ట్ సుగుణ గారు' అని రాసి ఉంది. క్రాస్ అన్న మాట చూసి ఫ్లెక్సీ కొట్టే అతను పక్కనే ఓ నిలువెత్తు సిలువ వేసి, దాని వెనక సూర్యకిరణాలు కూడా పెట్టాడు. గిన్నె పక్కన పెట్టి కాసేపు నవ్వాను. తర్వాత ఒళ్ళు మండింది.

ఆ మాట నా వెంటపడి సగం జీవితం అయింది. నేను దేన్ని దాటానో, ఎటు నుంచి ఎటు దాటానో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. బొంబాయిలో నా మొదటి క్యాసెట్ వచ్చినప్పుడు ఒక దుకాణంలో దాన్ని భక్తిపాటల అరలో పెట్టారు, రెండు వీధులవతల ఇంకో దుకాణంలో ఇంగ్లీషు డాన్సు పాటల పక్కన పడేశారు. అప్పుడు కంపెనీవాళ్ళు ఆలోచించి ఆలోచించి అట్ట మీద క్రాస్‌ఓవర్ అని అచ్చేశారు. పరాయి దేశాల్లో కచేరీకి పిలిచినవాళ్ళు చీర కట్టుకుని రమ్మన్నారు, కట్టుకుని వెళ్తే ఇంగ్లీషు ఇంత బాగా ఎలా వచ్చిందని అడిగారు. ఇక్కడ తెలుగు సభలకు పిలిస్తే నేను పియానో ముందు కూర్చోగానే వెనక వరసలోంచి సినిమా పాట అడుగుతారు. జాజ్ తెలిసిన పెద్దమనుషులు ఇది అసలు జాజే కాదన్నారు. చర్చివాళ్ళు ఆరాధన కాదన్నారు. సంగీతం మాస్టర్లు రాగాన్ని చెడగొట్టానన్నారు. వీళ్ళెవరికీ ఒకరంటే ఒకరికి పడదు గానీ, నేను తమ మనిషిని కానన్న విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట.

సాయంత్రానికి ప్రకాశరావు గారే ఫోన్ చేశారు. "మేడమ్, చిన్న ఇబ్బంది వచ్చిందండీ. కమిటీలో ఒకాయన లేచి, క్రాస్ ఓవర్ అంటే సిలువ పని అయిపోయిందని కదా అర్థం, అది మన ఫ్లెక్సీ మీద ఎలా వేస్తామని పట్టుబట్టాడండీ. నేనెంత చెప్పినా వినడం లేదు. ఆ మాట తీసేసి ఇంకేదన్నా పెడదామండీ."

"వట్టి పేరు పెట్టండి, చాలు" అన్నాను.

"అలా బాగోదండీ. మీరు పాడేదాన్ని ఏమంటారో జనానికి తెలియాలి కదండీ. ఫ్యూజన్ అని వేయించమంటారా?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆలోచించి చెప్తానని పెట్టేశాను. నిజానికి నేను పాడేదానికి ఒక పేరు ఉంది. ఆ హాలుకు నాలుగు ఇళ్ళవతల, మా గడప మీద, మా నాయనమ్మ పెట్టిన పేరు. చిన్నప్పుడు ఆ పేరంటేనే నాకు ఒంటి మీద కారం చల్లినట్టుండేది.

మాది రెండు గదుల అద్దె ఇల్లు. అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో ఇల్లంతా నాయనమ్మ చేతి మీద నడిచేది. శనివారం తెల్లవారుతూనే ఆమె మూతి పగిలిన మట్టికుండలో జాజు నానబెట్టేది. జాజు అంటే మా వైపు గడపలకూ, గోడ మొదళ్ళకూ పూసే ఎర్రమట్టి. బాపు, అంటే మా నాన్న, దాన్ని అఫ్జల్‌గంజ్ కిరాణా దుకాణాల్లో పొట్లం కట్టించి తెచ్చేవాడు. మట్టి నానుతుంటే తొలి చినుకులు పడ్డప్పటి వాసన ఇంటి నిండా కమ్ముకునేది. పాత ధోవతి గుడ్డ అందులో ముంచి, కొంగు నడుముకు దోపి, గడప ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్క ఊపులో పూసేది. మధ్యలో చెయ్యి ఆపితే అక్కడ మచ్చ కడుతుందని ఊపిరి కూడా బిగపట్టేది. అది ఆరేలోగా చాయ్ తాగి, సున్నంలో వేళ్ళు ముంచి దాని మీద తెల్లగీతలు లాగేది. మోచేతుల దాకా ఎరుపు, వేళ్ళ కొసల్లో తెలుపు, ఆ చేతుల్తోనే నాకు జడ వేయడానికి వచ్చేది. నేను అరిచి గోల చేసేదాన్ని. ఆదివారం చర్చిలో నా తెల్లరిబ్బను మీద ఎర్రమరక లేని వారం లేదు.

ఆమె పుట్టుకతో క్రైస్తవురాలు కాదు. పెళ్ళయ్యాక తాతతో పాటు బాప్తిస్మం తీసుకుంది. బొట్టు మానేసింది, బోనం ఎత్తడం మానేసింది, జాజు మాత్రం మానలేదు. కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఒకసారి ఇంటికి ప్రార్థనకు వచ్చి, గడప ముందే ఆగిపోయి, "ఇవన్నీ లోకస్థుల ఆచారాలు కదమ్మా" అన్నారు. నాయనమ్మ పీట వాల్చి ఆయన్ను కూర్చోబెట్టింది.

"దేవుడే చెప్పిండు గద అయ్యగారూ, దర్వాజకు ఎర్రగ పుయ్యమని. పూసినోళ్ళ ఇంటి దిక్కు సావు రాలేదని మొన్న పండ్గకు మీరే సదివిర్రు" అంది.

"అది ఐగుప్తులో పూసిన గొర్రెపిల్ల రక్తమమ్మా" అన్నారు పాస్టరు గారు.

"వారం వారం గొర్రెపిల్లను యాడికెల్లి తేవాలె అయ్యగారూ. జాజయితే సౌకగ దొరుకుతది."

ఆయన ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎంతమంది పాస్టర్లు మారినా మా గడప జోలికి ఎవరూ రాలేదు.

బాపు సర్కారు బస్సు డిపోలో మెకానిక్. ఇంటికి రాగానే చేతులు ముందు కిరోసిన్‌తో, తర్వాత సబ్బుతో కడుక్కునేవాడు. అయినా గోళ్ళలో నలుపు పోయేది కాదు. నాకు పియానో పిచ్చి పట్టించింది ఆయనే. హాలులో ఒక పాత పియానో ఉండేది. ఎవరో దొరలు పోతూ పోతూ వదిలేసిన సామాను. వానాకాలం చెక్క ఉబ్బి, వేళ్ళతో నొక్కే మెట్లు కొన్ని కిందికి దిగితే పైకి లేచేవి కావు, వేలితో ఎత్తి మళ్ళీ నొక్కాలి. ఆదివారం బడి పిల్లలకు పాటలు నేర్పే గ్రేస్ టీచర్ నా చేతి వేళ్ళు పొడుగ్గా ఉన్నాయని నన్ను దాని ముందు కూర్చోబెట్టింది. అప్పట్నుంచి బాపు డ్యూటీకి పోయే ముందు పొద్దున్నే సైకిల్ నడిపించుకుంటూ నన్ను హాలుకు తీసుకెళ్ళి, తాళం తీయించి, ఆఖరి బెంచీ మీద టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. గబ్బిలాల కంపు, తడి చెక్క వాసన, బాపు చొక్కాలోంచి గ్రీజు వాసన. నేను వాయిస్తున్నంతసేపు హాయిగా కునికేవాడు. ఆపితే మాత్రం ఉలిక్కిపడి లేచేవాడు. "చెయ్యి ఆపకు బిడ్డా, ఇంక టైమున్నది" అనేవాడు. ఇంట్లో గడప దగ్గర నాయనమ్మదీ అదే మాట, ఇక్కడ ఈయనదీ అదే మాట.

ఒక శనివారం పాఠం అయిపోయాక గ్రేస్ టీచర్ తనకోసం ఏదో వాయించుకుంది. మేము ప్రతి ఆదివారం పాడే కీర్తనే. కానీ ఎడమ చెయ్యి నడుస్తూ పోతుంటే కుడి చెయ్యి అనుకున్నచోటికి కొంచెం ముందో కొంచెం వెనకో పడుతూ, పాటను ఆటపట్టిస్తున్నట్టుగా వెళ్ళింది. నా అరికాళ్ళు వాటంతట అవే కదిలాయి. ఇదేంటి టీచర్ అంటే జాజ్ అంది, కావాలంటే నేర్పుతానంది. నేను ఇంటికి పరుగెత్తాను. నాయనమ్మ గడప పూస్తోంది. ఎదురింట్లోకి కొత్తగా కోడలై వచ్చిన యాదమ్మ ఆమె పక్కన కూర్చుని, మట్టిలో నీళ్ళు ఎంత కలపాలో నేర్చుకుంటోంది.

"నాయనమ్మా, టీచర్ నాకు జాజ్ నేర్పుతదట" అన్నాను రొప్పుతూ.

"జాజు నేర్పుడేందే?" నాయనమ్మ గుడ్డ ఎత్తి నావైపు చూసింది. "గా టీచరమ్మ ఇంట్ల అంత రంగు గోడలేనాయె. గామెకేం తెల్సు జాజు సంగతి. ఇటు రా, గుడ్డ పట్టు, నేను నేర్పుత."

"గది గాదు నాయనమ్మా. పాట."

"జాజుకు గూడ పాటలున్నయా?" ఆమె యాదమ్మ వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది. "ఇన్నవా యాదమ్మా, మా పొల్ల జాజు పాడుతదట."

యాదమ్మ దాన్ని సాయంత్రంలోగా గల్లీ అంతా పంచిపెట్టింది. మర్నాడు నల్లా దగ్గరికి వెళ్తే "జాజు పోరి వచ్చింది, బిందెలు జరుపుర్రి" అని ఒకటే నవ్వులు. బడికి పోతుంటే సైకిళ్ళ మీద పిలగాళ్ళు "జాజు పోరీ, మా గడపకు గూడ పుయ్యవా" అని పాటలా పాడేవాళ్ళు. నేను ప్రతి ఒక్కరినీ ఆపి, అది జాజు కాదు, జాజ్ అని, చివర్లో ఉకారం లేదని వివరించేదాన్ని. చెప్పినకొద్దీ వాళ్ళకు ఇంకా హుషారు. ఇంటికొచ్చి పుస్తకాలు విసిరికొడితే బాపు నింపాదిగా, "అంటే అన్నరు తియ్యి. ఏదో ఒకటి అనకుంట గల్లీల ఎవ్వలుంటరు" అనేవాడు. నాయనమ్మకు మాత్రం ఇందులో గొడవేమిటో చివరిదాకా అర్థం కాలేదు. జాజు మంచిదే కదా, దానికెందుకీ లొల్లి అన్నట్టు చూసేది.

నాకు మొదటి ఉద్యోగం మూసీ అవతల ఒక పెద్ద హోటల్లో దొరికింది. సాయంత్రాలు లాంజ్‌లో పియానో వాయిస్తూ పాడాలి. నెల తిరిగేలోగా బాపు, నాయనమ్మ వినడానికి వస్తామన్నారు. మూల టేబుల్ ఒకటి వాళ్ళకోసం ఉంచమని మేనేజరును బతిమాలి ఒప్పించాను. ఆ సాయంత్రం నేను పాడుతూ పాడుతూ ఆ మూలకేసి చూశాను. అక్కడ ఇంకెవరో కూర్చుని ఉన్నారు. బస్సు దొరకలేదేమో అనుకున్నాను. మధ్యలో విరామమిచ్చినప్పుడు తెలిసింది, వాళ్ళు ముందే వచ్చారని, కూర్చున్నారని, ఆ తర్వాత ఎవరో గెస్టులు రావడంతో మేనేజరు వాళ్ళను లేపి వంటగది వెనక స్టాఫ్ క్యాంటీన్‌లో కూర్చోబెట్టాడని. నేను వెళ్ళేసరికి క్రిస్మస్ చీర కట్టుకున్న నాయనమ్మ చాయ్ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని బెంచీ మీద ఉంది. బాపు తెల్లచొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను మేనేజరు మీదకు వెళ్ళబోతే చెయ్యి పట్టి ఆపాడు. "నౌకరి కరాబు చేసుకోకు" అన్నాడు.

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే నాయనమ్మ అంది. "మంచిగనే ఇన్నం బిడ్డా. వడ్డించేటోళ్ళు తలుపు తెరిసినప్పుడల్ల ఇనొచ్చింది. తలుపు మూసినప్పుడు ఏం పాడినవో గది తెల్వది. గది ఇంటికాడ పాడి ఇనిపియ్యి."

ఇంట్లో పియానో లేదు. హాలులో ఒక్క సాయంత్రం పాడతానని అప్పటి కమిటీ పెద్దలను అడిగాను. హోటల్ పాటలు దేవుని స్థలంలోనా అన్నారు. కీర్తనలే పాడతానన్నాను, కీర్తనలను అలా వంకర తిప్పితే ఊరుకునేది లేదన్నారు. మళ్ళీ అడిగాను, మళ్ళీ కాదన్నారు. ఈలోగా బొంబాయి పిలుపు, ఓడల మీద పాడే ఉద్యోగం. నేను ఎక్కడో సముద్రం మీద ఉండగా నాయనమ్మ పోయింది. కబురు నాకు అందేసరికి అన్నీ అయిపోయాయి. కొన్నాళ్ళకు బాపు పోయాడు. తలుపు మూసినప్పటి పాటలు అలాగే ఉండిపోయాయి. ఆ తర్వాత ఎక్కడెక్కడో పాడాను, పెద్ద పెద్ద హాళ్ళలో పాడాను, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను పుట్టిన గల్లీలో ఒక్క మనిషి నా పాట పూర్తిగా వినలేదు. దీని గురించి ఎవరికి చెప్పినా, అంత ఎత్తుకు ఎదిగారు కదండీ, ఇంకేం కావాలి అంటారు.

అందుకే ప్రకాశరావు గారు పిలవగానే ఒప్పుకున్నాను. కూటానికి ముందు ఒక పగలు హాలు చూసి వద్దామని వెళ్ళాను. గల్లీ మారిపోయింది. గడపలకు ఎర్ర పెయింటు కొట్టి, ముగ్గుల స్టిక్కర్లు అంటించారు. తుడిస్తే పోదు, తడిస్తే వాసన రాదు. పియానో హాలు మూలన ఉంది. దాని మీద ప్లాస్టిక్ పూలకుండీలు, విరిగిన స్పీకరు, పాత కర్టెన్లు. మూత ఎత్తి వాయించి చూస్తే పైవైపు మెట్లు చాలావరకు మూగబోయాయి, మధ్యవి మాత్రం శ్రుతి కొంచెం జారినా పలుకుతున్నాయి. నాకు అవి చాలు.

"దాంతో ఎందుకండీ ఇబ్బంది" అన్నారు ప్రకాశరావు గారు. "మా కుర్రాళ్ళు ట్రాక్ పెడతారు, మీరు దాని మీద పాడేయండి. తెలుగు కీర్తన ఒకటి, ఇంగ్లీషుది ఒకటి."

"నేను దీని మీదే వాయిస్తాను. కీర్తనలే పాడతాను, నా పద్ధతిలో పాడతాను" అన్నాను.

ఆయన తల గోక్కున్నారు. "మీ ఇష్టం మేడమ్."

"ఇంకొకటి. నేను పాడుతున్నంతసేపు గల్లీ వైపు తలుపులు తెరిచి ఉండాలి."

"అదెలా కుదురుతుందండీ? ఏసీలు అద్దెకు తెచ్చాం. బయట ఆటోల రొద. మైకు కూడా కీచుమంటుంది."

"మైకు నాకు వద్దు."

"ముఖ్య అతిథులు వస్తున్నారండీ."

"వాళ్ళకు విసనకర్రలు ఇవ్వండి" అన్నాను. నా గొంతు పెరిగింది. ఆయన మంచి మనిషి, నొచ్చుకున్నారు. సరే చూద్దామండీ అన్నారు. సరే చూద్దాం అంటే కాదని అర్థమని నాకు ఈ వయసుకు తెలుసు. వెళ్ళబోతుంటే ఫ్లెక్సీ సంగతి మళ్ళీ అడిగారు. విసిగిపోయి ఉన్నాను. "జాజు అని వేయించండి" అన్నాను. ఆయన కాగితం మీద రాసుకున్నారు. ఆదివారం వెళ్ళి చూస్తే ఫ్లెక్సీ మీద నిక్షేపంగా 'జాజ్ గాయని' అని ఉంది. నేను తొందరలో తప్పు పలికానని పాపం సరిచేసి వేయించారు.

హాలు నిండింది. ప్రసంగాల మీద ప్రసంగాలు అయ్యాయి. ఏసీల చల్లదనానికి ముఖ్య అతిథి ఒకాయన కళ్ళు మూతలు పడుతున్నాయి. నన్ను పిలిచారు. వెళ్ళి పియానో ముందు కూర్చుని తలుపుల వైపు చూశాను. రెండు తలుపులూ మూసి, గాలి రాకుండా కింద గోనెసంచి కూడా తోశారు. వంటగది వెనక బెంచీ, రెండు చేతుల్లో చాయ్ గ్లాసు కళ్ళ ముందు కదిలాయి. మెట్ల మీద పెట్టిన చేతులు తీసేసి లేచాను. బెంచీల మధ్య నుంచి నడిచి, గోనెసంచి కాలితో నెట్టి, రెండు రెక్కలూ గోడకు తగిలేలా తెరిచాను. వేడిగాలి, ఆటోల చప్పుడు, మిర్చి బజ్జీల వాసన ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. బయట ఎదురుగా అరుగుల మీద జనం కూర్చుని ఉన్నారు. లోపలికి పిలుపు లేనివాళ్ళు. వాళ్ళలో ఒక ముసలామె కళ్ళద్దాలు పైకి తోసి నన్ను పరీక్షగా చూసింది.

"సుగుణవేనా?" అంది.

"నేనే యాదమ్మక్కా" అన్నాను.

"గింత ముసలిదానివైనవేందే" అని, పక్కామె చెయ్యి పట్టుకుని లేచి, హాలు గడప దాకా వచ్చి, దాని మీదే కూర్చుంది. ఇక ఆ తలుపు మూయడం ఎవరి తరమూ కాదు. ఆమె వెనక మిగతావాళ్ళూ వచ్చి నిలబడ్డారు.

నేను తిరిగొచ్చి కూర్చునేదాకా ఖాళీ పూరించాలని ప్రకాశరావు గారు గబగబా మైకు అందుకున్నారు. "ప్రియులారా, ఇప్పుడు మన సుగుణ గారు జాజ్ పాడతారు" అన్నారు.

"జాజ్ గాదు సారూ" అంది గడప మీద నుంచి యాదమ్మ, తప్పు దిద్దే టీచరులా గట్టిగా. "జాజు."

హాలంతా ఆమె వైపు తిరిగింది. ప్రకాశరావు గారు ఆమెను చూశారు, నన్ను చూశారు. నేను తలూపాను. ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ మైకు దగ్గరికి వంగారు.

"క్షమించాలండీ. జాజు పాడతారు" అన్నారు.

ఇన్నేళ్ళలో నన్ను సరిగ్గా పరిచయం చేసింది ఆయనొక్కరే. నేను చెయ్యి మెట్ల మీద పెట్టాను, చివరిదాకా ఆపలేదు.